లోపలి గడియ

"ఓటీపీ వచ్చిందాండీ?"

బాత్రూమ్ తలుపు బయట నిలబడి ఆమె అలా అడగడం అది రెండోసారి. లోపల షవర్ చప్పుడు ఆగలేదు. భర్త స్నానానికి వెళ్లినా ఫోన్ వెంట తీసుకెళతాడు. దాన్ని అద్దం కింద నిలబెట్టుకుని వార్తలు వింటూ గడ్డం గీసుకోవడం ఆయనకి అలవాటు. ఆమె తన వెబ్‌సైట్‌లోకి వెళ్లాలంటే ముందు ఆ ఫోన్‌కి కోడ్ వస్తుంది. ఆయన చదవాలి, ఈమె కొట్టాలి. అందుకని ఆమె ఉద్యోగం మొదలయ్యే సమయం ఆయన గడ్డం మీదా, స్నానం మీదా, మూడ్ మీదా ఆధారపడి ఉంటుంది.

"వచ్చింది, వచ్చింది. పొద్దున్నే ఏం కొంపలంటుకున్నాయని?"

"చెప్పండి, టైమ్ అయిపోతుంది."

ఆయన అంకెలు చదివాడు. చివరివి నీళ్ల చప్పుడులో కొట్టుకుపోయాయి. మళ్ళీ అడిగితే విసుక్కుంటూ, అరుస్తూ, చిన్నపిల్లకి చెప్పినట్టు ఒక్కొక్క అంకె విడదీసి చెప్పాడు. తడిచేత్తో ఫోన్ పట్టుకోవలసి వచ్చిందని మధ్యలో ఒక మాట కూడా అన్నాడు. ఇన్నేళ్లుగా రోజూ విన్న మాటే కాబట్టి ఆమె చెవిన వేసుకోలేదు.

ఆమె ఫిజియోథెరపిస్ట్. కాన్పు తర్వాత ఆడవాళ్లకి నడుమూ, పొత్తికడుపూ, కుట్లూ కుదుటపడేలా వ్యాయామం నేర్పడంలో మంచి పేరున్న మనిషి. అత్తగారి తుంటి ఎముక విరిగినప్పుడు "ఇంట్లోనే మనిషి ఉండగా బయటివాళ్లకి ఎందుకు పెట్టాలి" అని భర్త అన్నాడు. నిజమే కదా అనుకుని ఆమె క్లినిక్‌కి సెలవు పెట్టింది. అత్తగారు లేచి నడిచారు, ఇప్పుడు వీధి చివరిదాకా నడిచి వస్తున్నారు కూడా. సెలవు మాత్రం ముగియలేదు. ముగించమని ఎవరూ అడగలేదు, ఆవిడకి చేతికందే దూరంలో నీళ్ల గ్లాసు ఉన్నా "అమ్మాయ్" అని పిలవడం అలవాటైపోయింది. అప్పుడే మరిది ఒక ఆలోచన చెప్పాడు. కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసేవాడు కాబట్టి, సైట్ల కోసం తన పేరు మీద అద్దెకి తీసుకున్న హోస్టింగ్ ప్యాకేజీలో వదినకి కొంచెం చోటు ఇచ్చి, ఒక సైట్ తయారుచేసి పెట్టాడు. "మీరు రూపాయి కట్టక్కర్లేదు వదినా, అంతా ఫ్రీ" అన్నాడు. ఆ మాటకి ఇంటిల్లిపాదీ అతన్ని మెచ్చుకున్నారు. కోడ్ ఎవరి ఫోన్‌కి రావాలని అడిగితే భర్త తన నంబరు ఇచ్చాడు. "ఇంటి నంబరు ఉండాలి కదా" అన్నాడు. ఆమెకీ ఒక ఫోన్ ఉందని ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు, ఆమెకి కూడా.

సైట్‌కి 'కుదుట' అని పేరు పెట్టుకుంది. వ్యాయామాల బొమ్మలు తనే గీసింది, వివరాలు తనే రాసింది. కింద ఒక ప్రశ్నల పెట్టె పెట్టింది. 'పేరు చెప్పనక్కర్లేదు, జవాబుకి మెయిల్ ఉంటే చాలు' అని దాని మీద రాసింది. ఆ మాటని నమ్మి ఆడవాళ్లు రాయడం మొదలుపెట్టారు. తల్లికి, అక్కకి, డాక్టర్‌కి చెప్పుకోలేనివి రాశారు. దగ్గితే బట్టలు తడుస్తున్నాయని ఒకరు, మంచం అంటే భయం వేస్తోందని ఇంకొకరు. వంట మధ్యలో, బట్టలు ఆరేసే మధ్యలో, అత్తగారి కాళ్లు పట్టే మధ్యలో ఆమె ఒక్కొక్కరికీ జవాబు రాసేది. ఆ పని చేస్తున్నంతసేపే తను చదువుకున్న మనిషినని ఆమెకి గుర్తుండేది.

పోయిన ఆదివారం వరకూ అలాగే గడిచింది. ఆదివారాలు మరిది కుటుంబం ఇక్కడే భోంచేస్తుంది. వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతలే. అన్నం వడ్డిస్తుంటే మరిది నవ్వుతూ తల ఎత్తాడు.

"వదినా, మీ స్కిప్పింగ్ ఆవిడ ఎలా ఉంది? మళ్ళీ గెంతిందా?"

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. పిల్లల బడి ఆటల పోటీల్లో, తల్లుల పందెంలో స్కిప్పింగ్ చేస్తూ అందరి ముందూ బట్టలు తడుపుకున్న ఒక స్త్రీ ఆ వారమే రాసింది. ఆ సంగతి రాసిన మనిషికీ తనకీ తప్ప లోకంలో మూడోవాళ్లకి తెలియదనుకుంది.

"నీకెలా తెలుసు?"

"అడ్మిన్‌ని కదా వదినా, అన్నీ కనిపిస్తాయి. ఇక్కడ భోంచేశాక సోఫాలో పడుకుని చదువుతా. పేపర్ కన్నా బావుంటాయి."

భర్త పగలబడి నవ్వాడు. ఆమె మొహం చూసి, "వాడింట్లో అద్దె లేకుండా ఉంటున్నావ్, కాస్త తొంగి చూస్తే తప్పా?" అన్నాడు. అది సరసమనే అనుకున్నాడు. అత్తగారికి ఏమీ అర్థం కాలేదు, కొడుకులు నవ్వుతున్నారని ఆవిడా నవ్వారు. తోటికోడలు ఆ సమయానికి లోపలి గదిలో నెలల పాపకి పాలిస్తోంది. ఈ మాటలేవీ ఆ పిల్ల చెవిన పడలేదు.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె సైట్ తెరవలేదు. తెరవాలంటే అసహ్యం వేసింది, సిగ్గు కూడా వేసింది. పేరు చెప్పనక్కర్లేదని తనే రాసి, తనే పిలిచి, ఇంతమందిని ఒక సోఫా ముందు కూర్చోబెట్టినట్టయింది. ఈ పొద్దున, ఎదురుచూసే వాళ్లు గుర్తొచ్చి మనసు ఊరుకోక, కోడ్ అడిగి లోపలికి వెళ్లింది. ప్రశ్నల పెట్టెలో అన్నిటికన్నా పైన ఒక కొత్త ఉత్తరం ఉంది.

'కాన్పు అయి నాలుగు నెలలు. కుట్లు మానాయో లేదో నాకు తెలియడం లేదు. కూర్చుంటే నొప్పి. ఆయన ఆగరు. వద్దంటే మూడు రోజులు మాట్లాడరు, తర్వాత మళ్ళీ మామూలే. డాక్టర్ దగ్గర పక్కనే కూర్చుంటారు కాబట్టి ఏమీ అడగలేకపోయాను. ఏడవడానికి బాత్రూమ్‌లోకి వెళ్తున్నానని ఆ తలుపు గడియ కూడా ఊడదీశారు. జవాబు మెయిల్‌కి పంపకండి, ఆయన చూస్తారు. మీ సైట్‌లోనే ఏదో ఒక మూల కుట్ల గురించి అన్నట్టు రాయండి. నేను చదువుకుంటాను. మీరు నాకు తెలియదు, అందుకే రాయగలిగాను.'

ఆమె చదవడం ఆపి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

ఆ గడియ ఆమెకి తెలుసు. గడియ కాదు, అది ఉండాల్సిన చోటు తెలుసు. పాపని చూడడానికి మరిది ఇంటికి వెళ్లినప్పుడు, చేతులు కడుక్కుందామని బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకోబోతే చేతికి ఏమీ తగల్లేదు. తలుపు చెక్కకి మేకుల రంధ్రాలు మాత్రం ఉన్నాయి. వాటిలో ఎవరో అరిగిపోయిన సబ్బు ముక్కలు నలిపి కూరారు. బయటికి వచ్చాక అడిగితే తోటికోడలు నేల చూస్తూ "పాడైపోయిందక్కా, కొత్తది తేవాలి" అంది. మరిది అక్కడే ఉన్నాడు. పాపని ఎగరేసి పట్టుకుంటూ నవ్వుతున్నాడు.

మీరు నాకు తెలియదట! ఎంత జాగ్రత్తగా రాసిందో వెర్రిపిల్ల. పేరు దాచింది, మెయిల్ దాచింది, బంధుత్వం కూడా దాచింది. దాచిందంతా తీసుకొచ్చి సరిగ్గా అతని ఇంటి అరలోనే పెట్టింది. ఈ ఉత్తరం ఎవరు రాశారో కనిపెట్టడానికి మరిదికి తెలివితేటలు అక్కర్లేదు. ఆ గడియ ఊడదీసినవాడు అతనే. ఆదివారం అన్నం తిని, సోఫాలో పడుకుని, నవ్వుకుందామని ఫోన్ తెరుస్తాడు.

ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించబోయి ఆపేసింది. అతను పెళ్లాన్ని కొడతాడని ఎవరూ అనలేదు. గడియ ఊడదీస్తాడని కూడా ఎవరూ అనలేదు కదా.

వెంటనే చెరిపేయాలనుకుంది. నొక్కింది. ఉత్తరం పెట్టెలోంచి మాయమైంది. అమ్మయ్య అనుకునేలోపే పక్కన చెత్తబుట్ట బొమ్మ మీద 'ఒకటి' అని వెలిగింది. బుట్ట తెరిస్తే లోపల అదే ఉత్తరం, దాని కింద ఒక వాక్యం: శాశ్వతంగా తొలగించే హక్కు ఖాతా యజమానికి మాత్రమే. ఇన్నేళ్లలో వచ్చిన ఉత్తరాలన్నీ పెట్టెలో ఉన్నాయి, చెత్తబుట్టలో ఉన్నది ఇదొక్కటే. వదిన దేన్ని దాచబోయిందో చూద్దామని ఎవడైనా ముందు ఆ బుట్టే తెరుస్తాడు. రెండు మూడుసార్లు తప్పుచోట నొక్కి, చివరికి ఉత్తరాన్ని మళ్ళీ పెట్టెలోకే తెచ్చి పెట్టింది. మిగతావాటి మధ్యలో ఉంటే కనీసం అంత కొట్టొచ్చినట్టు కనిపించదు.

"అమ్మాయ్, నా కళ్లజోడు ఎక్కడుంది?" అని అత్తగారు కేకేశారు. కళ్లజోడు ఆవిడ నెత్తి మీదే ఉంది. ఆమె వెళ్లి తీసి ముక్కు మీద పెట్టి వచ్చింది.

మరునాటి నుంచి, భర్త ఆఫీసుకి వెళ్లగానే ఆమె కొత్తచోటు వెతకడం మొదలుపెట్టింది. ఈ ఉత్తరాన్ని ఏం చేయాలో ఇంకా తెలియదు, కానీ ఇంకొక్క ఉత్తరం అతని అరలో పడకూడదని మాత్రం గట్టిగా అనుకుంది. ఏ కంపెనీ పేజీ తెరిచినా ఒకటే ఊదరగొట్టుడు. అపరిమితమైన స్థలం, ఉచితంగా పేరు, నమ్మశక్యం కాని ధర, నవ్వుతున్న మనుషుల బొమ్మలు. సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పే మాటలన్నీ ఉన్నాయి. రోగి నొప్పి గురించి చెప్పేదాని కంటే చెప్పకుండా దాటేసేది వినాలని ఆమె చదువు ఆమెకి నేర్పింది. అందుకని పెద్ద అక్షరాలు వదిలేసి కింద ఉన్న చిన్న అక్షరాలు చదివింది. అపరిమితం అన్నచోట, అతిగా వాడుతున్నారని మాకు తోస్తే ఆపేస్తాం అని ఉంది. ఆ ధర మొదటి ఏడాదికే, అప్పటికి మీరు స్థిరపడిపోతారు కాబట్టి రెండో ఏడాది నుంచి మేం ఎంతంటే అంత. కాపీలు రోజూ తీసి పెడతాం, మీకు కావాలంటే మాత్రం విడిగా డబ్బు కట్టాలి. సైట్ పేరు ఉచితమే, అది మా పేరున రిజిస్టర్ అయి ఉంటుంది, మీరు వెళ్లిపోతే మాకే. వీటన్నిటికీ తను ఇదివరకే ఎక్కడో సంతకం పెట్టినట్టు అనిపించి, భయంలో కూడా ఆమెకి నవ్వొచ్చింది. ఒకచోట మాత్రం నవ్వు ఆగిపోయింది. సైట్ పెట్టిన వాళ్ల పేరూ ఇంటి చిరునామా ఎవరు వెతికినా కనిపిస్తాయట. కనిపించకుండా చేయమని ప్రత్యేకంగా అడగాలట.

ఒక పెద్ద కంపెనీకి ఫోన్ చేస్తే అబ్బాయి ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. అంతా అయ్యాక ఆమె ఒక్కటే అడిగింది.

"నా దగ్గరికి వచ్చే ఉత్తరాలు ఎవరెవరు చదవగలరు బాబూ?"

"మేడమ్, మాది నంబర్ వన్ సెక్యూరిటీ."

"అది కాదు. చదవగలిగేది ఎవరు?"

అతన్ని ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. పైవాళ్లని అడిగి చెప్తానని పెట్టేశాడు. ఇంకో చిన్న కంపెనీలో ఒక ఆడమనిషి ఎత్తింది. గొంతు పెద్ద వయసులా ఉంది, వెనకాల ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది, ఇంటి నుంచే పని చేస్తున్నట్టుంది.

"నిజం చెప్పమంటారా? యంత్రం మా దగ్గర ఉంటుంది కాబట్టి మా వాళ్లు చూడాలనుకుంటే చూడగలరు. చూడబోమని కాగితం మీద రాసిస్తాం, చూస్తే ఉద్యోగం పోతుంది. మీ ఖాతా తలుపు మాత్రం మీ నంబరుతోనే తెరుచుకుంటుంది, ఇంకెవరి దాంతోనూ తెరుచుకోదు. మరి మాది చిన్న కంపెనీ. ఆదివారం ఫోన్ ఎత్తం. స్థలం తక్కువే, కాపీలు మీరే తీసుకోవాలి. అన్నీ ఆలోచించుకోండి."

లోపాలు ముందే చెప్పినవాళ్లని ఆమె ఈమధ్య చూడలేదు. అక్కడే చేరాలని అప్పుడే నిర్ణయించుకుంది. బ్యాంకులోంచి కడితే భర్తకి మెసేజ్ వెళుతుందని, కూరగాయలకి వెళ్లినప్పుడు మొబైల్ షాపులో నగదు ఇచ్చి, ఇంటర్నెట్‌లో డబ్బు కట్టే ప్రీపెయిడ్ కార్డు ఒకటి కొనుక్కొచ్చింది. దొంగతనం చేసినట్టు దాన్ని మెంతుల డబ్బాలో దాచింది. ఆ డబ్బా ఇంట్లో ఆమె తప్ప ఎవరూ ముట్టుకోరు.

ఖాతా తెరిచేటప్పుడు ఒక పొరపాటు జరిగింది. పేరు రాసింది, చిరునామా కనిపించకుండా చేయమని గుర్తు పెట్టింది, ఫోన్ నంబరు అడిగితే టకటకా కొట్టి పంపేసింది. పంపాక తన ఫోన్ చేతిలో పట్టుకుని కోడ్ కోసం చూస్తూ కూర్చుంది. రాలేదు. తెర మీద తను కొట్టిన నంబరు చూసుకుంటే పైప్రాణాలు పైనే పోయాయి. అలవాటు కొద్దీ వేళ్లు భర్త నంబరు కొట్టేశాయి. గ్యాస్‌కి, కరెంటుకి, ఆసుపత్రికి, ఎక్కడ అడిగినా ఆమె నోట వచ్చే నంబరు అదే.

ఫోన్ మోగింది. భర్త.

"ఏదో కోడ్ వచ్చింది నాకు. హోస్టింగ్ అని ఉంది. ఏంటది?"

అబద్ధం ఆడడం ఆమెకి పెద్దగా రాదు. అవసరం ఎప్పుడూ పడలేదు, నిజం చెప్పినా వినేవాళ్లు లేకపోయాక అబద్ధం ఎవరికి కావాలి!

"నాకేం తెలుసండీ. ఇలాంటివి అందరికీ వస్తున్నాయట, మొన్న టీవీలో చెప్పారు కదా. ఎవరైనా అడిగితే ఆ నంబరు చెప్పకండి, డబ్బులు లాగేస్తారు."

"నాకు చెప్తున్నావా, నాకు తెలీదా?" అన్నాడాయన. అంతలోనే, "నువ్వు దేన్నీ నొక్కలేదు కదా?" అన్నాడు.

"నాకు అవన్నీ ఎక్కడ వస్తాయండీ."

ఆ మాటతో ఆయన తృప్తిపడి పెట్టేశాడు. తర్వాత తన నంబరు కొడదామనుకుంటే అది గుర్తు లేదు. ఒక్క అంకె కూడా రాలేదు. తన నంబరు తనకే తెలియని మనిషి ఇంకొకళ్ల గుట్టు కాపాడడానికి బయలుదేరింది. ఫోన్‌లో వెతికి పట్టుకుని, చూస్తూ కొట్టింది. తర్వాత గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ ఆ అంకెలే వల్లె వేసింది.

వ్యాయామాల బొమ్మలూ, తను రాసుకున్నవీ ఒక్కొక్కటిగా కొత్తచోటికి మార్చుకుంది. ఆడవాళ్ల ఉత్తరాలు మాత్రం మార్చలేదు. అవి తనవి కావు. వాళ్ల మెయిల్ చిరునామాలు మాత్రం రాసుకుని, కొత్తచోటి నుంచి అందరికీ రెండు ముక్కలు పంపింది. మీ మాటలు నేను తప్ప ఇంకొకరు కూడా చదివారు, నాకు తెలియక జరిగింది, క్షమించండి అని ఉన్నదున్నట్టు రాసింది. ఒకావిడ తిడుతూ జవాబిచ్చింది. ఆ తిట్లు న్యాయమైనవే కాబట్టి ఆమె పడింది.

'కుదుట' అనే పేరు వెంట రానన్నది. అది మరిది పేరున ఉంది, అతను సంతకం పెడితే తప్ప కదలదు. పేరు వదులుకోవచ్చు. కానీ పాత పెట్టెలో ఉన్న ఆ ఒక్క ఉత్తరం సంగతి ఏమిటి? దాన్ని చెరపాలంటే యజమాని చెయ్యి పడాలి. ఆ యజమాని ఎవరో తెలిసి తెలిసి ఎలా అడుగుతుంది?

ఆ పాత ప్యాకేజీ నిబంధనలు కూడా తెరిచి చదివింది. అడుగున ఒక వాక్యం కనిపించింది. ఖాతా మూసివేయమని సైట్ వాడేవాళ్లు ఎవరైనా కోరవచ్చు, ఖాతాలో ఇచ్చిన నంబరుకి కోడ్ వస్తుంది, యజమాని ఒప్పుకుని తన ఫోన్‌లో దాన్ని కొడితే అంతా ఆ క్షణానే చెరిగిపోతుంది. నమ్మలేక ఆ కంపెనీకి ఫోన్ చేసింది.

"మూసేశాక కాపీ ఏమైనా మిగులుతుందా?"

"ఆ ప్యాకేజీలో కాపీ ఉండదు మేడమ్. బాగా చవకది కదా. అందుకే పైది తీసుకోమని సార్‌కి ఎన్నిసార్లో చెప్పాం."

మరిది పిసినారితనానికి ఆమె జీవితంలో మొదటిసారి దండం పెట్టుకుంది.

ఆదివారం వచ్చింది. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక రెండుసార్లు రుచి చూసింది. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. తోటికోడలు కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చుంది, ఒళ్లో పాప. ఆ కూర్చోవడం చూస్తే చాలు, ఏ డాక్టరూ ఇంకేమీ అడగక్కర్లేదు. ఇన్ని ఆదివారాలు ఆ పిల్లకి తనే వడ్డిస్తూ, తనే ఎలా చూడలేదో ఆమెకి అర్థం కాలేదు.

"ఆ సైట్ ఇంక మూసేద్దామనుకుంటున్నాను" అంది, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

భర్త తినడం ఆపాడు. "ఎందుకూ?"

"ఓపిక ఉండడం లేదండీ. ఇంటి పనే సరిపోతోంది."

"ఇన్నాళ్లకి ఒక మంచి మాట అన్నావ్ తల్లీ" అన్నారు అత్తగారు. "ఎవరెవరి రోగాలో మనకెందుకు?"

మరిది మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అయ్యో వదినా, నా ఆదివారం కాలక్షేపం పోతుందే! సరే ఉండండి, ఈ వారం ఏమొచ్చాయో ఓసారి చూసి మూసేద్దాం." ఎడంచేత్తో ఫోన్ తీశాడు. "చదువుతా వినండి, అన్నయ్యా, నవ్వలేక చస్తాం."

తోటికోడలు తల ఎత్తింది. అతను ఏం చదువుతానంటున్నాడో ఆ పిల్లకి అర్థమవడం ఆమె కళ్లారా చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పాప చుట్టూ ఉన్న చేతులు బిగుసుకున్నాయి, పాప కెవ్వుమంది.

ఆమె బల్ల కింద తన ఫోన్‌లో 'ఖాతా మూసివేయండి' మీద నొక్కింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ క్షణంలో ఆమెకి తెలిసిన దేవుళ్లంతా గుర్తొచ్చారు. భర్త ఫోన్ టింగుమంది.

"ఇదిగో, కోడ్ వచ్చేసింది" అన్నాడాయన, తన వంతు వచ్చిందని ఉత్సాహంగా. "కొట్టరా, చెప్తా."

"ఉండన్నయ్యా, ఒక్క నిమిషం చూడనీ."

"కోడ్ టైమ్ అయిపోతే మళ్ళీ ఫస్ట్ నుంచీ చెయ్యాలట" అంది ఆమె. అంటూనే అన్నం గిన్నె మూత తీసి మొహాన్ని ఆవిరిలో దాచుకుంది. "యజమానే ఆఫీసుకి ఫోన్ చేసి లైన్లో ఉండాలట. నువ్వే చెయ్యాలి మరి."

"గంటలు గంటలు పాట వినిపిస్తారు వాళ్లు" అన్నాడు మరిది చిరాగ్గా.

"అందుకే చెప్తున్నా, కొట్టరా త్వరగా" అని భర్త అంకెలు చదవడం మొదలుపెట్టాడు. బాత్రూమ్‌లోంచి చదివినట్టే ఒక్కొక్కటీ విడదీసి, గట్టిగా, తప్పు పోకుండా చదివాడు. మరిది ఎడంచేతి బొటనవేలితో కొట్టాడు. కుడిచేతికి ఇంకా అన్నం మెతుకులున్నాయి. ఇంకోసారి ఏదో అడిగినట్టుంది, అది చదవకుండానే అవును మీద నొక్కేశాడు.

"అయిపోయింది. పోయింది వదినా, మీ కుదుట."

ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి. అవి నటన కాదు. భయం ఒక్కసారిగా వదిలింది, దాంతోపాటు తను పెట్టుకున్న పేరూ పోయింది. మరిది ఒక్క బొటనవేలితో అంతా తుడిచేసి మళ్ళీ కూర కలుపుకుంటున్నాడు. అత్తగారు వీపు నిమిరారు. "ఊరుకో, ఇంక హాయిగా ఉండొచ్చు" అన్నారు. భర్త పెరుగు అడిగాడు.

అన్నాలయ్యాక మరిది సోఫాలో పడుకుని, చదవడానికి ఏమీ లేక టీవీ పెట్టుకున్నాడు. తోటికోడలు పాపని భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చింది.

"ఇంక వాళ్లంతా ఎవరికి రాస్తారక్కా?"

"వేరేచోట పెట్టాను. ఇంట్లో ఎవరికీ తెలీదు."

పాప వీపు మీద ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది.

"దానికి గడియ ఉందా అక్కా?"

కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఆమె తోటికోడలి దగ్గరికి జరిగింది.

"ఉంది. లోపలివైపే బిగించాను. కంపెనీవాళ్లు చూడాలనుకుంటే చూడగలరట, నీ దగ్గర దాచను. అంతకంటే మంచి తలుపు నాకు దొరకలేదు. నువ్వు మాత్రం రాయకు. రేపు పాపకి జలుబని, డాక్టర్‌కి చూపిస్తానని చెప్పి నిన్ను నా పాత క్లినిక్‌కి తీసుకెళతాను. అక్కడ లోపలికి మగవాళ్లని రానివ్వరు. నేను నీ పక్కనే ఉంటాను."

"ఆయన పంపకపోతే?"

భయం పోయిందనుకుంది, ఎక్కడికీ పోలేదు, గిన్నెల మధ్యే నిలబడి ఉంది.

"పంపకపోతే నాకు ఫోన్ చెయ్యి. ఏ టైమైనా సరే. నా నంబరు చెప్తాను."

"ఉంది కదక్కా."

"నీ దగ్గరున్నది బావగారిది. ఇది నాది. ఫోన్‌లో పెట్టకు, ఎక్కడా రాయకు. విను."

ఆమె చెప్పింది. ఫోన్ చూడలేదు, తడుముకోలేదు. తోటికోడలు పెదవులు కదిపింది, మధ్యలో తడబడింది. మళ్ళీ చెప్పింది. ఈసారి ఆ పిల్ల పాప వీపు తడుతూ, ఒక్కో తట్టుకీ ఒక్కో అంకె చొప్పున పైకే అనుకుంటూ పోయింది. పాప కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" హాల్లోంచి మరిది అరిచాడు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆమె నోరు తెరిచేలోగా తోటికోడలే జవాబు చెప్పింది. ఈసారి పాపని తట్టే చెయ్యి ఆగలేదు.

"ఎవరితోనూ కాదండీ, పాపకి అంకెలు నేర్పుతున్నాను."